బిళ్ళ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వారివే

ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దన్న మాట బ్యాంకులవారు చెప్పగా చెప్పగా మన ఇళ్ళలోని పెద్దలందరికీ కంఠతా వచ్చింది. సంతోషమే. కాని ఓ.టి.పి. అడగకుండానే, పాస్‌వర్డు తెలియకుండానే మన ఖాతాలో ఇతరులు జొరబడే దారి ఒకటున్నది.

గుడి వాకిట చెప్పులు వదలితే స్టాండువాడు బిళ్ళ ఇస్తాడు. తిరిగి వచ్చినప్పుడు వాడు చూచేది మన ముఖం కాదు, బిళ్ళను. బ్రౌజరులోని కుకీ అటువంటి బిళ్ళయే. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మోంటల్లి దీనిని కల్పించాడు. వెబ్‌సైటుకు జ్ఞాపకశక్తి లేదు. పేజీ మారినప్పుడల్లా మనమెవరమో మరచిపోతుంది. అందుచేత ఒకసారి పాస్‌వర్డు సరిచూచుకొని బ్రౌజరుకొక చీటీ ఇస్తుంది. ఆపైన ఆ చీటీ ఎవరు తెస్తే వారే మనము!

2010 అక్టోబరులో అమెరికాలో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అనే చిన్న సాధనాన్ని ఫైర్‌ఫాక్సు బ్రౌజరుకు తగిలించి విడుదల చేశాడు. అప్పట్లో పెద్ద సైట్లు కూడా అనేకం పాస్‌వర్డును మాత్రమే రహస్యలిపిలో పంపి, తరువాత కుకీని పోస్టుకార్డు వలె బాహాటంగా పంపేవి. తాళం లేని వైఫై ఉన్న కాఫీ హోటలులో కూర్చుంటే చాలు, పక్క బల్లవారి ఫేస్‌బుక్కు ఖాతా పేరూ ఫొటోలతో సహా కనబడేది, నొక్కితే తెరుచుకొనేది. అతడు చేసింది తప్పని కొందరన్నారు. నిద్రపోయేవారిని లేపినవానిపై కోపగించడం మాకు న్యాయంగా తోచదు. తరువాతి సంవత్సరాలలో ఆ సైట్లు ఆద్యంతమూ రహస్యలిపికి మారాయి.

దొంగలు ఊరుకొన్నారా? ఇప్పుడు దారిలో గాక ఇంటిలోనే ఎత్తుకుపోతున్నారు. పిల్లలు ఉచితమని దించుకొన్న దొంగ ఆట గాని, ఈమెయిలులో వచ్చిన నకిలీ పి.డి.ఎఫ్. గాని తెరిస్తే అందులోని మాల్‌వేరు కుకీలను ఊడ్చుకుపోగలదు. 2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ అనే కెనడా యూట్యూబు ఛానలు ఇట్లాగే కొంతసేపు పరులపాలయింది. లోకానికి కంప్యూటర్ల గుట్టు చెప్పేవారి సంగతే ఇది!

బ్యాంకు ఇచ్చే బిళ్ళ సాధారణంగా కొద్ది నిమిషాలకే చెల్లకుండా పోతుంది. ఈమెయిలుది నెలల తరబడి చెల్లుతుంది. మన పాస్‌వర్డులు మార్చే లేఖలు వచ్చేది ఆ ఈమెయిలుకే గదా! కాబట్టి బ్రౌజింగు సెంటరులో పెన్షను పని ముగియగానే కిటికీ మూసి లేచిపోకండి, లాగౌట్ నొక్కండి. అనుమానం కలిగితే ముందు మాల్‌వేరు లేని మరొక పరికరం దగ్గర కూర్చుని పాస్‌వర్డు మార్చి, పాత బిళ్ళలన్నీ రద్దు చేయండి. గూగుల్ ఖాతాలో భద్రత శీర్షిక క్రింద మీ పరికరాల జాబితా ఉంటుంది. ఎరుగనిదేదైనా కనబడితే అక్కడే సైనౌట్ చేయవచ్చు.