అక్షరమా, అక్షర చిత్రమా?

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ తొలుత చేపట్టిన పనులలో ముఖ్యమైనది గేజి మార్పు. అప్పటికే ఉన్న నాగపూర్-ఛత్తీస్‌గఢ్ మీటరు గేజి మార్గాన్ని అది స్వీకరించి, మరుసటి సంవత్సరానికి బ్రాడ్ గేజిగా మార్చింది. రెండు గేజీలు కలిసే చోట సరుకునంతా ఒక బండి నుండి దింపి, వేరొక బండిలోనికి ఎక్కించక తప్పదు. ఆ దింపుడు, ఎక్కింపులలో కొంత పగిలిపోతుంది, కొంత తప్పిపోతుంది.

అదే రైల్వే సంస్థ పుణ్యమా అని ఖరగ్‌పూర్ ఒక రైల్వే పట్టణంగా వెలిసింది. అక్కడి కర్మాగారంలోను, రైలు మార్గాలపైన కొలువులకై ఉత్తరాంధ్ర నుండి తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడినాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తిని ఆమోదించినదంటే, అందుకు ముఖ్య కారణం ఖరగ్‌పూర్ తెలుగువారి ఉనికియే. ఇట్టి ప్రవాసాంధ్రుల ముందు ఈనాడు మరొక గేజి మార్పు నిలిచి ఉన్నది. అది కాగితాలకు సంబంధించినది.

పండుగల ప్రత్యేక సంచికలు, పాఠశాలల నివేదికలు, నాటక ప్రదర్శనల కరపత్రాలు, పెద్దలు వ్రాసి ఉంచిన కుటుంబ చరిత్రలు - ఊరు విడిచి వెళ్ళిన ఏ తెలుగు సమాజానికైనా ఇటువంటి మూట ఒకటి ఉంటుంది. ఇటీవలి దశాబ్దాలలో వీటిలో అధిక భాగం కంప్యూటరుపై కూర్చినవే. వాటిని వెబ్ పుటలుగా మార్చి, విశాఖలోని బంధువులకు, విదేశాలలోని మనుమలకు అందించాలన్న కోరిక సహజమైనది. ఆ బాధ్యత సాధారణంగా కంప్యూటరు కొద్దిగా తెలిసిన యువకునికో, యువతికో అప్పగిస్తారు. పాత ఫైలు తెరవగానే వారికి తెలుగుకు బదులు ఆంగ్లాక్షరాలు, డాలరు గుర్తులు, ప్రశ్నార్థకాలు కలగాపులగంగా దర్శనమిస్తాయి. ఫైలు చెడిపోయినదని భావించి దానిని తుడిచివేయటం ఇక్కడ పొంచి ఉన్న మొదటి ప్రమాదం. పెక్కు సందర్భాలలో ఫైలు చెక్కుచెదరకుండానే ఉంటుంది. దానికి తగిన ఫాంటు మాత్రమే ఆ యంత్రంలో ఉండదు.

దీనికి కారణం తెలుసుకొనుట అవసరం. కంప్యూటరు అక్షరాన్ని ఎరుగదు, సంఖ్యను ఎరుగును. ఏ సంఖ్యకు ఏ అక్షరమో ముందుగా ఒక ఒప్పందం ఉండాలి. తొలినాటి ఫాంట్లలో 256 స్థానాలకు మించి ఉండేవి కావు. అందులో మొదటి సగం ఆంగ్లానికి కేటాయింపబడి ఉండేది. తెలుగుకు స్వంత స్థానం లేనందువలన ఫాంట్ల రూపకర్తలు ఒక ఉపాయం పన్నారు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి ముక్కలను ఆంగ్లాక్షరాల స్థానాలలోనే అమర్చారు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఎన్నో తెలుగు పుస్తకాలు ఈ విధంగానే అచ్చయినాయి. కాగితానికి కావలసినది అక్షరం యొక్క రూపం మాత్రమే కనుక, అచ్చుపనికి ఈ పద్ధతి చక్కగా సరిపోయింది. అయితే ఫైలులో మిగిలినవి ఆంగ్ల సంకేతాలు. ఒక ఫాంటులో కొమ్మును సూచించే సంకేతం మరొక ఫాంటులో వత్తును సూచించవచ్చును. ఎవరి గేజి వారిది!

1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణం ఈ చిక్కు విప్పటానికి దారి చూపింది. ప్రపంచంలోని లిపులకు వేరువేరు స్థానాలు కల్పించాలన్నది దాని ఆశయం. తెలుగుకు అందులో 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు లభించాయి. 'అ' ఎక్కడ ఉన్నా 3077. 'క' ఎక్కడ ఉన్నా 3093. 'క్ష'కు ప్రత్యేక స్థానం లేదు. క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు వరుసగా వచ్చినప్పుడు వాటిని కలిపి చూపటం ఫాంటు బాధ్యత. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు చేరటంతో ఈ పద్ధతి సామాన్యులకు చేరువయింది. ఈనాటి సెల్‌ఫోన్లు కూడా ఈ ప్రమాణాన్నే అనుసరిస్తున్నాయి.

ఇందులోని సూక్ష్మానికి ఖరగ్‌పూర్ పేరే మంచి ఉదాహరణ. గ, పొల్లు, ప వరుసగా పడినచో పకారం వత్తుగా మారి 'ఖరగ్పూర్' అని కనిపిస్తుంది. పొల్లును విడిగా నిలపాలంటే దాని తరువాత వెడల్పు లేని, కంటికి కనిపించని ఒక సంకేతాన్ని ఉంచాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 8204. 'ఖరగ్‌పూర్‌లో' అని వ్రాయటానికి ఆ సంకేతం రెండు చోట్ల కావాలి. మార్పిడిలో అది జారిపోయినచో ఊరి పేరే తప్పుగా పడుతుంది. ఒక పుటలో ఒక రూపం, మరొక పుటలో వేరొక రూపం ఉన్నచో వెదికేవారికి కొన్ని పుటలు దొరకకపోవచ్చును.

అక్షరాల మార్పిడితో సగం పని మాత్రమే పూర్తి అవుతుంది. మిగిలిన సగం పుట నిర్మాణానికి సంబంధించినది. 1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్‌కు ప్రాణం వంటిది హెచ్‌టీఎంఎల్ అనే గుర్తుల భాష. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక అని ప్రతి భాగానికి అది పేరు పెడుతుంది. వర్డ్ ప్రాసెసరుపై కొత్తగా పనిచేసేవారు శీర్షికను పెద్దదిగా, లావుగా చేసి ఊరుకుంటారు. కంటికి అది శీర్షికయే. యంత్రానికి మాత్రం అది కూడా ఒక పేరాయే. అట్టి పత్రాన్ని మైక్రోసాఫ్ట్ వర్డ్ ద్వారా నేరుగా వెబ్ పుటగా భద్రపరచినచో, పుటలో చూపులకు సంబంధించిన అనవసరపు గుర్తులు విపరీతంగా చేరుతాయి. ఈ చెత్తను ఊడ్చటానికే డేవ్ రాగెట్ రూపొందించిన టైడీ అనే ఉచిత సాధనంలో ప్రత్యేకమైన ఏర్పాటు చేయవలసి వచ్చింది. తరువాత వర్డ్‌లోనే 'ఫిల్టర్డ్' అనే మార్గం చేరింది. దానిని ఎన్నుకొన్నచో చాలా భారం తగ్గుతుంది.

కొత్తగా ఈ పనికి పూనుకొనేవారు ఒక క్రమాన్ని పాటించుట మేలు. మొదట మూల ప్రతిని ముట్టుకొనక, దాని నకలుపై పనిచేయాలి. ఏ ఫాంటులో కూర్చినదో గుర్తించి, ఆ ఫాంటుకు తగిన మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోనికి తేవాలి. అచ్చయిన ప్రతి ఉన్నచో దానిని ప్రక్కన ఉంచుకొని పంక్తి పంక్తి సరిచూడాలి. వత్తులు, అరసున్నలు, అంకెలు, ఆంగ్ల పదాలు ఉన్న చోట్ల పొరపాట్లు ఎక్కువ. పిమ్మట పెద్ద అక్షరాలకు బదులుగా వర్డ్‌లోని శీర్షిక శైలులను వాడాలి. పుట తలభాగంలో భాష తెలుగు అనీ, సంకేత పద్ధతి యూటీఎఫ్-8 అనీ ప్రకటించాలి. ఛాయాచిత్రాల క్రింద ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అనే వివరం వ్రాయాలి. చివరగా, తయారు చేసిన యంత్రంపై కాక వేరొకరి సెల్‌ఫోనులో తెరచి చూడాలి. స్వంత యంత్రంలో పాత ఫాంటు ఉన్నందువలన కనిపించని తప్పు అక్కడ బయటపడుతుంది.

ఇంత శ్రమ దేనికి, పుటలను ఫోటో తీసి పెట్టినచో చాలదా అని కొందరికి తోచవచ్చును. ఫోటో కంటికి పనికివస్తుంది. కాని అందులో ఉన్నది అక్షర చిత్రమే. తాతగారి పేరు వెదికినచో దొరకదు. అంధులకు చదివి వినిపించే సాధనం దానిముందు మూగపోతుంది. ఖరగ్‌పూర్ ఐఐటీలోనే భారతీయ భాషల పాఠాన్ని బ్రెయిలీలోనికి మార్చే 'స్పర్శ' అనే సాధనం రూపొందింది. అటువంటి సాధనం పనిచేయాలన్నా దానికి అందవలసినది చిత్రం కాదు, అక్షరమే. భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని తీర్చిదిద్దినది కూడా ఆ విద్యాసంస్థయే. పుస్తకాలను భద్రపరచుటతో పాటు వెదికినవారికి దొరికేటట్లు చేయుట కూడా గ్రంథాలయ ధర్మమని ఆ కృషి చాటుతున్నది.

ఈ పనికి గడువు కూడా ఉన్నది. పాత ఫాంట్లు పనిచేసే యంత్రాలు తగ్గిపోతున్నాయి. ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో ఇతర భాషలు చదివే తరం పెరిగిన చోట, పాత సంచిక చదివి 'ఈ పేరు ఇది కాదు, ఈ ఊరు ఇది కాదు' అని దిద్దగల పెద్దలు కూడా తగ్గుతున్నారు. సాధనం ఎంత మంచిదైనా సత్తిబాబు పేరు సతిబాబుగా మారినప్పుడు అది పోల్చుకొనలేదు. గుర్తుల భాష యువతకు తెలియును. ఆ పేర్లు పెద్దలకు తెలియును. ఇరువురూ ఒక్క బల్ల వద్ద కూర్చున్నంత కాలమే సరుకు పగలకుండా గేజి మారుతుంది. క్షరం కానిది అక్షరమని పెద్దలు చెప్పిన మాట ఫైళ్ళ విషయంలో తనంతట తాను నిజం కాదు. ఎవరో ఒకరు పూనుకొని నిజం చేయాలి.