శిక్షణాలయాలూ, రెండవసారి వచ్చే విద్యార్థీ

సంస్కృతంలో ‘శిక్ష’ అంటే నేర్చుకోవడం, నేర్పడం. వేదాంగాలు ఆరింటిలో ఒకదానికి ఆ పేరే. తెలుగులోకి వచ్చేసరికి అదే మాట దండనగా స్థిరపడిపోయింది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో వృత్యంతర శిక్షణకు వెళ్ళివచ్చిన ప్రతిసారీ, ఈ అర్థవిపరిణామం మనవారు తెలిసే చేశారేమోనని అనిపించేది.

గత నెల నా పూర్వవిద్యార్థి ఒకడు వచ్చి ఆ ఆలోచనను మళ్ళీ కదిలించాడు. మా జిల్లా కేంద్రంలో ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు వృత్తి నైపుణ్య శిక్షణనిచ్చే సంస్థ ఒకటి స్థాపిస్తాడట. “మాస్టారూ, మీరు గౌరవ సలహాదారుగా ఉండాలి” అంటూ ప్రణాళిక కాగితాలు నా ముందుంచాడు. అందులోని వ్యూహం స్పష్టంగానే ఉంది. బడి యాజమాన్యాలతో ఒప్పందం, జూన్‌లో బడులు తెరవకముందు ఒక్కరోజు కార్యశాల, తలకింత అని రుసుము, సాయంత్రానికి రంగుల సర్టిఫికెట్. మరుసటి ఏడు మరికొన్ని బడులు. అంతా చదివి, “ఇందులో నేర్చుకొనేవాడు ఎక్కడున్నాడోయ్?” అని అడిగాను. వాడికి నా ప్రశ్న అర్థం కాలేదు.

డబ్బిచ్చేవాడొకడు, నేర్చుకొనేవాడు మరొకడు అయినచోట సంస్థ డబ్బిచ్చేవాడినే మెప్పిస్తుంది. అది దాని దుర్బుద్ధి కాదు, బతుకుతెరువు. యాజమాన్యానికి గోడకు తగిలించుకొనే ఛాయాచిత్రం కావాలి. ప్రభుత్వానికి హాజరు సంఖ్య కావాలి. మా శిక్షణల్లో పాఠం రాష్ట్రస్థాయి నుండి జిల్లాకు, జిల్లా నుండి మండలానికి దిగి మాకు చేరేది. కాలువ చివరి పొలాలకు నీరెంత అందుతుందో రైతులకు తెలుసు. ఉదయమొక సంతకం, మధ్యాహ్నమొక సంతకం. నడుమ ఒకరు మాడ్యూలు చదివితే మిగిలినవారు వినేవారు. నేనేమీ నేర్చుకోకపోయినా నష్టపోయేవారు అక్కడెవ్వరూ లేరు. 2019లో దేశవ్యాప్తంగా 42 లక్షల మంది ఉపాధ్యాయులను లక్ష్యంగా పెట్టుకొని ‘నిష్ఠ’ కార్యక్రమాన్ని ఆరంభించారు. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏటా కనీసం 50 గంటల వృత్తి వికాసం ఉండాలన్నది. ఉద్దేశం మంచిదే. కాని గంటలను లెక్కపెట్టడం ఎంత సులభమో, ఆ గంటల్లో ఏం జరిగిందో లెక్కపెట్టడం అంత కష్టం.

అన్నీ వృథా అనను. ఒక ఏడు తోటి ఉపాధ్యాయుడొకరు సంధులు బోధించే పద్ధతి ఒకటి చూపారు. సూత్రంతో మొదలుపెట్టకూడదు, పిల్లలు ఆటస్థలంలో అనుకొనే మాటలనే తీసుకొని వాళ్ళచేతనే విడదీయించాలి. ‘వాడెక్కడ’ అంటే వాడు, ఎక్కడ. రెండింటి నడుమ ఉకారం ఏమైందో వాళ్ళే కనిపెడతారు. సూత్రం ఆ తర్వాత. నాకది అద్భుతంగా తోచింది. వెనక్కి వచ్చి ఉత్వసంధిని అలాగే చెప్పాను, తరగతి కళకళలాడింది. నెల తిరిగాక ఇత్వసంధి వచ్చింది. ‘ఏమంటివి’, ‘ఏమియంటివి’ రెండూ సరైనవే అన్నాను. వెనుక బెంచీలోని పిల్ల లేచి, “రెండోది ఎవరూ అనరు గదా సార్, మరి ఎలా కనిపెట్టాలి?” అన్నది. ‘వైకల్పికం’ అనే మాట చెప్పి కూర్చోబెట్టాను. అది సమాధానం కాదని నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. ఆ ఉపాధ్యాయుణ్ణి అడుగుదామంటే మరుసటి శిక్షణకు వేరొకరు వచ్చారు, వేరే అంశంతో.

శిక్షణ ముగిసిన నెలకు పుట్టే ప్రశ్న ఉన్నదే, అదే అసలు విద్య. ఆ ప్రశ్నకు చోటివ్వని సంస్థ ఎంత పెద్దదైనా ఏటేటా కొత్తవారిని వెతుక్కోవలసిందే.

అమీర్‌పేట సంగతి చూడండి. మైత్రీవనం చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ పాఠాలు చెప్పే సంస్థలను పండితులు చిన్నచూపు చూస్తారు, నేనూ చూసినవాడినే. కిక్కిరిసిన గదులు, జిరాక్సు నోట్సులు, ఒకరోజు మానితే ఎందుకు మానావని అడిగే దిక్కులేని తరగతులు. అయినా అక్కడ ఒక ధర్మం ఉంది. డెమో క్లాసు ఉచితం. విని, నచ్చితేనే రుసుము. నచ్చకపోతే పక్క మెట్లెక్కవచ్చు. చెప్పేవాడు తన విద్యను ముందుగా పరీక్షకు పెట్టుకుంటాడు. మా శిక్షణల్లో ఆ పరీక్ష ఎవరికీ ఉండేది కాదు.

విదేశీ మహాసంస్థలకూ ఇదే చిక్కు. హార్వర్డ్, ఎం.ఐ.టి. కలిసి 2012లో ఎడ్‌ఎక్స్‌ను నెలకొల్పాయి. ఆ రెండింటి ఆన్‌లైన్ పాఠాలపై 2019లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశీలన వెలువడింది. 2017–18లో చేరినవారిలో చివరిదాకా పూర్తిచేసినవారు 3.13 శాతం. డబ్బు కట్టి ధ్రువపత్రం కోరినవారిలో 46 శాతం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి: చేరినవారిలో అత్యధికులు మొదటి సంవత్సరం తర్వాత తిరిగి రానేలేదు. ఆ ఎడ్‌ఎక్స్‌ను 2021లో టూయూ అనే సంస్థ 80 కోట్ల డాలర్లకు కొన్నది. కొత్త విద్యార్థులను పట్టుకురావడానికి ప్రకటనలపై భారీగా వెచ్చించే సంస్థ అది. 2024 జూలైలో దివాలా రక్షణ కోరింది. అప్పులూ ఇతర కారణాలూ ఉన్నాయి గాని, వచ్చినవారు నిలవనిచోట ప్రకటనల ఖర్చుకు అంతుండదని లెక్కల మాస్టారు కాకపోయినా గ్రహించవచ్చు.

మావాడికి చేతివేళ్ళ మీద లెక్క చెప్పాను. రెండువందలమంది ఒక్కొక్కసారి వచ్చినా, నలభైమంది అయిదేసిసార్లు వచ్చినా రుసుము ఒకటే. కాని రెండువందలమందిని వెతకడానికి తిరిగే పెట్రోలు, నలభైమందికి అక్కరలేదు. కాబట్టి ఒక్కరోజు కార్యశాల మానుకొని, నెలకొక పూట చొప్పున ఏడాది పొడుగునా పెట్టు. ప్రతి కూటమిలో మొదటి గంట కొత్త పాఠం చెప్పక, గతనెల పాఠం తరగతిలో ఎక్కడ బెడిసికొట్టిందో వారిచేత చెప్పించు అన్నాను. ఆదివారం ఉదయం పెడితే ఇంటిపని ఉన్న టీచరమ్మలు రారు, ఆ వేళ వద్దని కూడా చెప్పాను. మొదటి కూటమి ఉచితంగా ఉండాలి. ఆపైన రుసుములో కొంతైనా ఉపాధ్యాయులే ఇవ్వాలి, అప్పుడే నిన్ను నిలదీస్తారు.

వాడు తెలివైనవాడు, ఊరుకోలేదు. “యాజమాన్యాలు జూన్‌లో ఒక్కసారే సొమ్మిస్తాయి మాస్టారూ, హాలు అద్దె నెలనెలా కట్టాలి. చాలీచాలని జీతాల టీచర్లను ఎంతని అడగను? పైగా నేర్పిస్తే పక్కబడికి పోతారని యాజమాన్యాల భయం” అన్నాడు. ఆ భయం నిజమే. మొదటి రెండు మాటలకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. సాయంత్రం ఖాళీగా ఉండే బడిగదిని అడిగి చూడమన్నాను. వాడు తల ఊపాడు, ఒప్పుకున్నట్టు మాత్రం కాదు.

నా పేరు ఇప్పుడే అచ్చువేయవద్దన్నాను. మొదటి జట్టులో ఎందరు మూడవ నెల కూడా వచ్చారో ఆ హాజరుపట్టీ తెచ్చి చూపితే అప్పుడు మాట్లాడదామన్నాను. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకొని, కాఫీ తాగి, జూన్ తర్వాత వస్తానని చెప్పి వెళ్ళాడు.