మీ ఫర్జ్, మా కులం

ఇస్లాంలో కులం లేదంటారు. మిలాద్ జల్సాల్లో అంటారు, జుమా బయానుల్లో అంటారు, సెక్యులర్ మిత్రులు పిలిచిన సెమినార్లలో మరీ గట్టిగా అంటారు. ఖబ్రస్తాన్ గేటు పక్క గదిలో కూచుని తరతరాలుగా మేమీ మాట వింటున్నాం. కులం లేకపోతే మేమెవరం? మా ఇంటి పిల్ల మీ ఇంటి కోడలు ఎందుకు కాదు? సంబంధం మాట రాగానే 'హడ్డీ' చూడాలని ఎందుకంటారు?

మేము తకియావాళ్ళం. కాగితాల మీద ఫకీర్. తెలంగాణలో ఒక తాలూకా ఊళ్ళో ముసల్మానుల చావు పనంతా మా ఖాందాన్‌ది. పట్నంలో గోర్కన్ వేరు, గస్సాల్ వేరు, కఫన్ దుకాణం వేరు. చిన్న ఊళ్ళో అంత వైభోగం ఉండదు. గోరీ తవ్వేదీ మేమే, మయ్యత్‌కు గుసుల్ ఇచ్చేదీ మేమే, కఫన్ కత్తిరించేదీ మేమే. మసీదు నుంచి డోలా తెచ్చి, పనయ్యాక కడిగి మళ్ళీ దాని చోట పెట్టేదీ మేమే. చావు జరిగిన పొద్దు "జర జల్దీ ఆవో భాయ్" అని మనిషి పరుగెత్తుకొస్తాడు. జియారత్ పూలు వాడకముందే మళ్ళీ "ఏ ఫకీర్" అయిపోతాం.

ఈ పనేమిటో తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. తెలియనివాళ్ళలో ముసల్మానులూ తక్కువేం లేరు. రేగాకు వేసి కాచిన నీళ్ళు కావాలి. చివరి నీళ్ళలో కర్పూరం. బొడ్డు నుంచి మోకాళ్ళ దాకా గుడ్డ కప్పి, మన చేతికి గుడ్డ చుట్టుకుని ఆ కప్పిన గుడ్డ కిందే కడగాలి. కఫన్‌కు మగవాళ్ళకు మూడు గుడ్డలు, ఆడవాళ్ళకు ఐదు. సజ్దాలో నేలకు ఆనే చోట్లన్నిటికీ, అంటే నుదురు, ముక్కు, అరచేతులు, మోకాళ్ళు, పాదాలకు కర్పూరం పూయాలి. నేల గట్టి మొరమైతే గోరీ లోపల పడమటి గోడలో బగ్లీ తీయొచ్చు. నల్లరేగడి అయితే వానల్లో గోడ నిలవదు, నడిమధ్య సందూక్ తీసి పైన బండలు పరవాలి. ఎండాకాలం మొరంలో గడ్డపార దిగదు. జొహర్‌కు జనాజా అన్నారంటే ఫజర్ నుంచే తవ్వాలి. ఇది ఏ మదర్సాలోనూ నేర్పరు. అబ్బా పక్కన గుంతలో నిలబడి నేర్చుకున్నాం.

మా ఆడవాళ్ళది ఇంకో చరిత్ర. ఆడ మయ్యత్‌కు ఆడవాళ్ళే గుసుల్ ఇవ్వాలి. ఊళ్ళో ఏ కోడలు ఎలా పోయిందో డాక్టరు కంటే ముందు మా అమ్మీలకు, ఫూఫీలకు తెలుస్తుంది. కాన్పులో పోయినవాళ్ళు, స్టవ్ అంటుకుని పోయారని చెప్పినవాళ్ళు, మెట్ల మీద 'జారిపడ్డ'వాళ్ళు. వీపు మీద వాతలు నీళ్ళు పోస్తే చెరిగిపోవు. పరదా అవతల పెద్దమనిషి ఒకడు నిలబడి, మయ్యత్ ఐబులు బయటపెట్టడం గునా అని గుర్తు చేస్తాడు. చచ్చినవాళ్ళ ఐబులు దాచమన్న మాట నిజమే. చంపినవాళ్ళ ఐబులు దాచమని ఏ కితాబులో ఉంది? ఈ ప్రశ్న మా ఆడవాళ్ళ గొంతులోనే ఆగిపోయింది. ఎందుకంటే మేముండే గది కమిటీది. అడిగిన మర్నాడు ఆ గది ఖాళీ చేయమంటారు.

ఇంత పనికి కూలి ఎంత? కూలి అన్న మాటే లేదు. సవాబ్ అన్నారు. జనాజా మీద కప్పిన చాదర్, గిన్నెడు బియ్యం, జేబులో మిగిలిన చిల్లర. జియారత్‌కు, బీస్వాన్‌కు, చెహ్లుంకు ఫాతెహా అన్నం. పీర్ల పండక్కి మలీదా. ఆ తర్వాత ఊళ్ళోకి ఇస్లాహ్ వచ్చింది. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన కుర్రవాళ్ళు చెహ్లుం బిద్‌అత్ అన్నారు, చాదర్ బిద్‌అత్ అన్నారు. సరే, దీన్ మాట మీద మేము వాదించం. కాని ఫకీర్ ముందున్న గిన్నె లాగేసిన ఈ ఇస్లాహ్‌కు, ఆ గిన్నె బదులు జీతం పెట్టాలని మాత్రం తోచలేదు. బిద్‌అత్ పోయింది, వెట్టి మిగిలింది. ఈమధ్య ఒక దాత ఫ్రీజర్ పెట్టె కొనిచ్చాడు, ఇంకో దాత మయ్యత్ వ్యాన్ ఇచ్చాడు. రెండింటి మీదా వాళ్ళ పేర్లు జానెడు అక్షరాలతో ఉన్నాయి. వ్యాన్‌లోకి ఎక్కించే చేతులకు పేరు లేదు.

మీరు షరియత్ అంటారు కదా, షరియత్‌తోనే మాట్లాడదాం. గుసుల్, కఫన్, జనాజా నమాజు, దఫన్ ఇవన్నీ ఫర్జ్-ఎ-కిఫాయా. కొందరు చేస్తే అందరి మీద నుంచీ బరువు దిగుతుంది. ఎవరూ చేయకపోతే ఊరంతా గునాగారే. అంటే ఈ పని ఊరందరి మీదా ఉన్న అప్పు. ఆ అప్పు తరతరాలుగా ఒక్క ఇల్లే తీరుస్తోంది, మీరు బరీ అయిపోతున్నారు. ఇంకో మసలా. చచ్చినవాడి ఆస్తిలోంచి మొట్టమొదట తీయాల్సింది కఫన్ దఫన్ ఖర్చు. ఆ తర్వాతే అప్పులు, ఆ తర్వాత వసియ్యత్, చివరికి వారసులు. కొడుకులు ఇల్లు పంచుకోకముందే, అప్పులవాళ్ళు గడప తొక్కకముందే గోరీ తవ్వినవాడి కూలి ఆ ఖర్చులో లెక్క తేలాలి. అది ఖైరాత్ ఎలా అవుతుంది? హక్‌కు ఖైరాత్ అని పేరు పెట్టి మమ్మల్ని చెయ్యి చాచమన్నారు. చాచిన చెయ్యి చూసి ఫకీర్ అన్నారు. ఫకీర్ అన్నాక పిల్లనివ్వమన్నారు.

ఈ పని నీచమైతే సహాబాల సంగతేమిటి? మక్కా పద్ధతిలో గోరీ తవ్వే మనిషి అబూ ఉబైదా బిన్ జర్రాహ్, మదీనా పద్ధతిలో బగ్లీ తీసే మనిషి అబూ తల్హా అని సీరత్ కితాబుల్లో ఉంది. ప్రవక్త కన్నుమూసినప్పుడు ఏ పద్ధతి అని తేలక ఇద్దరికీ కబురు పంపారు. అబూ తల్హా ముందు చేరుకున్నాడు కనక బగ్లీ గోరీ అయింది. గుసుల్ ఇచ్చినవాళ్ళలో హజ్రత్ అలీ ఉన్నారు. అబూ ఉబైదా బతికుండగానే జన్నత్ ఖుష్‌ఖబరీ అందుకున్న పదిమందిలో ఒకరు. ఆయన ఈ ఊళ్ళో పుట్టి ఉంటే మా గదిలోనే ఉండేవారు. మీరు ఆయన హడ్డీ అడిగి ఉండేవారు.

మేము కాలేజీలో తెలుగూ చదివాం, ఉర్దూ చదివాం. రెండు సాహిత్యాల్లోనూ మమ్మల్ని వెతుక్కున్నాం. తెలుగు రంగస్థలానికి కాటిసీను ప్రాణం. జాషువా పద్యాలు అందులో చేరి ఊరూరా మోగాయి, వన్స్‌మోర్లు కొట్టించుకున్నాయి. కాని కాటికాపరి వేషంలో ఉన్న రాజు కోసం ఏడ్చిన జనం, పొద్దున్నే ఇంటికి పోతూ అసలు కాటికాపరి ఎదురైతే పక్కకు తప్పుకుంటారు. రాజు కొన్నాళ్ళు చేస్తే త్యాగం, మేము పుట్టి చచ్చేదాకా చేస్తే తలరాత! ఉర్దూ షాయరీ సంగతి చెప్పక్కర్లేదు. మజార్ మీద దీపం, దీపం మీద పురుగు, పురుగు మీద వంద గజళ్ళు. 1862లో రంగూన్‌లో పోయిన బహదూర్ షా జఫర్‌కు సొంత నేలలో గోరీ దక్కలేదని ఇప్పటికీ ముషాయిరాల్లో నిట్టూరుస్తారు. ఆయనకు ఆ పరాయి నేలలో గోరీ తవ్వినవాడెవడని ఎవరైనా అడిగారా? ఏలూరు జాఫర్ షరీఫ్ దక్ఖన్ ముసల్మానుల ఆచారాలన్నీ రాస్తే, హెర్‌క్లాట్స్ దాన్ని 'ఖానూన్-ఎ-ఇస్లాం' పేరుతో ఇంగ్లీషు చేసి 1832లో లండన్‌లో అచ్చేయించాడు. అందులో చావు ఆచారాలు వివరంగా ఉన్నాయి. వాటిని జరిపించినవాళ్ళ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలిగిందా అన్నది మేమే రాసుకోవాలి.

చావు పని చేసేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఇలాగే బతుకుతారా? అమెరికా నల్లవాళ్ళను చూడండి. తెల్లవాళ్ళ ఫ్యూనరల్ హోంలు నల్లవాళ్ళ శవాలను సమంగా చూడని రోజుల్లో, చిన్న ఊళ్ళలో సైతం నల్ల కుటుంబాలే ఫ్యూనరల్ హోంలు పెట్టుకున్నాయి. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు. ఇల్లు వాళ్ళదే, బండి వాళ్ళదే, ధరా వాళ్ళదే. తెల్ల యజమాని దయ మీద బతకాల్సిన పని లేదు కనక ఆ ఇళ్ళనుంచి నాయకులు వచ్చారు. బర్మింగ్‌హాంలో ఫ్యూనరల్ హోం నడిపిన ఏ.జి. గాస్టన్ 1963లో మార్టిన్ లూథర్ కింగ్‌కు బెయిలు డబ్బు కట్టాడు. 1955లో మిసిసిపీలో తెల్లవాళ్ళు పద్నాలుగేళ్ళ ఎమ్మెట్ టిల్‌ను చంపితే, షికాగోలో ఆ శవాన్ని అందుకుని పెట్టె తెరిచింది ఒక నల్లవాళ్ళ ఫ్యూనరల్ హోం. వాళ్ళు నా బిడ్డకు ఏం చేశారో లోకం చూడాలని తల్లి పట్టుబట్టింది. వేలమంది చూశారు. మా అమ్మీలు చూసిన గాయాలను లోకం ఎందుకు చూడలేదో ఇప్పుడు అర్థమైందా? పని ఒకటే. అక్కడ గది సొంతం, ఇక్కడ గది కమిటీది.

గది మాట వచ్చింది కనక భూమి మాటా చెప్పాలి. మా పర్దాదాకు నిజాం కాలంలో తకియా సేవ కింద ఇనాం ఉండేది. ముంతఖబ్ ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది. 1955లో తెలంగాణలో ఇనాముల రద్దు చట్టం వచ్చింది, ధార్మిక సంస్థల ఇనాములను వదిలేసింది. భూమి మిగిలింది, సేవ మిగిలింది, భూమికీ సేవకీ మధ్య తాడు తెగింది. రోడ్డు వైపు ముల్గీలు లేచాయి. కిరాయి కమిటీ ఖాతాలో పడుతుంది. ఆ ముల్గీల్లో ఒక్కటి కూడా మా పిల్లలకు దక్కలేదు. అపార్థం వద్దు. వక్ఫ్ భూమిని మాకు పట్టా చేయమని అడగటం లేదు. ఒకసారి వక్ఫ్ అయితే ఎప్పటికీ వక్ఫే అని 1998లో సుప్రీంకోర్టు మన వక్ఫ్ బోర్డు కేసులోనే చెప్పింది. మేమూ అదే అంటాం. ఆ ఆమ్దనీలో తవ్వినవాడి వాటా ఏదని మాత్రమే అడుగుతున్నాం.

ఇప్పుడు ఇంకో పులి వచ్చింది. 2017లో ఉత్తరప్రదేశ్ ఎన్నికల్లో ఖబ్రస్తాన్‌ను శ్మశానంతో తూచి ఓట్లడిగారు. 2025 ఏప్రిల్‌లో అమల్లోకొచ్చిన వక్ఫ్ సవరణ చట్టం, 'వాడుక వల్ల వక్ఫ్' అన్నదాన్ని ఇకమీదట లేకుండా చేసింది. ముందే రిజిస్టరైనవి ఉంటాయట, తగాదాలో ఉన్నవి, సర్కారు భూమి అన్నవి తప్ప. ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లను ఆపింది, దీన్ని ఆపలేదు. వందల ఏళ్ళ గోరీలకు దానపత్రం ఎవరి దగ్గరుంటుంది? గోరీలే పత్రం. వాటిని లెక్కపెట్టుకున్నవాళ్ళే సాక్షులు.

అప్పుడు మేము గుర్తొచ్చాం. గేటు దాటి లోపలికి ఎన్నడూ కూచోడానికి రాని పెద్దమనుషులు మా చాప మీద కూచున్నారు. చాయ్ తాగారు. మా దాదా రాసుకున్న పుస్తకం ఉందట కదా అన్నారు. ఉంది. ఫలానావాడు, ఫలానావాడి కొడుకు, వేపచెట్టుకు తూర్పున, పాత బావికి ఇన్ని అడుగులు అని ఉర్దూలో రాసి పెట్టిన నోటుపుస్తకాలు. దాదా తర్వాత అబ్బా రాశారు, అబ్బా తర్వాత మేము. ఒక కుటుంబం నెత్తిన వెట్టి అని మీరు పెట్టిందే ఇప్పుడు ఊరి ఖబ్రస్తాన్‌కు దస్తావేజు. బయటివాళ్ళు ఈ నేల మీది కాదంటే మీకు కోపం వస్తుంది. రావాలి, మాకూ వస్తుంది. అదే మాట మీరు మాతో అన్నప్పుడు ఆ కోపం ఎక్కడికి పోయింది?

సర్కారు సంగతి చిన్నది. 1993లో సుప్రీంకోర్టు ఇమాములకు వక్ఫ్ బోర్డులు జీతమివ్వాలంది. తర్వాత గౌరవ వేతనం జాబితాలో ఇమాము, మౌజన్ చేరారు. చేరాల్సిందే. మా ఊళ్ళో గోరీ తవ్వినవాడు ఏ జాబితాలోనూ లేడు. 2007లో బి.సి.-ఇ వచ్చినప్పుడు మాత్రం ఫకీర్, అత్తరు సాయిబు, హజాం, ధోబీ ముస్లిం, ఖురేషీ అని పేర్లు అచ్చయ్యాయి. సయ్యద్, మొగల్, పఠాన్ బయట ఉన్నారు. ముసల్మానుల్లో చీలిక తెచ్చారని కొందరు గొంతు చించుకున్నారు. ఆ పేర్లు హైదరాబాద్ సెక్రటేరియట్‌లో పుట్టాయా, మీ నోళ్ళలో పుట్టాయా? 2020, 21ల్లో కరోనా శవాల దగ్గరికి కన్నకొడుకులే రాకపోతే, ఆ పేర్లున్నవాళ్ళే ప్లాస్టిక్ సూట్లు తొడుక్కుని దించారు. అప్పుడు ఎవరికీ హడ్డీ గుర్తు రాలేదు.

ఈ మధ్య గేటు పక్కన ఒక బోర్డు కట్టాం. ఉర్దూలో, తెలుగులో. తవ్వకానికి ఇంత, గుసుల్‌కు ఇంత, ఆడ మయ్యత్ గుసుల్‌కూ అంతే, లేనివాళ్ళకు మాఫీ, రసీదు ఇవ్వబడును. మొదటి జుమాకే మాయమైంది. ఖబ్రస్తాన్‌లో రేట్లా, షరమ్ లేదా అన్నారు. అన్నవాళ్ళ దుకాణంలో కఫన్ గుడ్డ మీటరు ఇంత అని చీటీ వేలాడుతోంది. రెండో బోర్డూ పోయింది. ఇప్పుడు గోడ మీదే పెయింటుతో రాయించాం. నోటుపుస్తకాల కోసం కమిటీవాళ్ళు మళ్ళీ కబురు పెట్టారు. చూపిస్తామన్నాం. పుస్తకాలు మాత్రం గది దాటవు, ఇక్కడికే జిరాక్స్ మిషన్ తెచ్చుకోండి అన్నాం. వచ్చేటప్పుడు తీర్మానం పుస్తకం కూడా తెండి, తవ్వినవాళ్ళకూ గుసుల్ ఇచ్చినవాళ్ళకూ ముల్గీల కిరాయిలోంచి నెల జీతం అని అందులో ముందు రాయండి, దస్తఖత్‌లు పెట్టండి అన్నాం. ఆలోచించి చెప్తామన్నారు.