పన్ను మనది, పండుగ ఎవరిది?



మన పేట గ్రంథాలయంలో నెల రోజుల ఉత్సవాలట. ఉపన్యాసాలు, పోటీలు, కవి సమ్మేళనం. నోటీసు చూశాం. అన్నీ ఉదయం 11 నుంచి సాయంత్రం 4 లోపే. ఆ వేళకు మొదటి షిఫ్టువాళ్ళు మిల్లులో దారాలు అతుకుతుంటారు, రాత్రి షిఫ్టువాళ్ళు నిద్రలో ఉంటారు. పైగా "జనం రావటం లేదు" అని వేదిక మీద వాపోయారట!

తమిళనాడులో ఆస్తిపన్ను మీద నూటికి 10 చొప్పున గ్రంథాలయ పన్ను ఉంది. ఇంటి యజమాని కడతాడు, అద్దెలో మన దగ్గర రాబట్టుకుంటాడు. మేము అడిగేది దానం కాదు.

ఈ రాష్ట్రంలోనే 1931లో మన్నార్గుడి దగ్గర ఎడ్లబండి మీద పుస్తకాలు పల్లెలకు తీసుకెళ్ళారు. 1948 మద్రాసు గ్రంథాలయ చట్టానికి మూలపురుషుడైన రంగనాథన్ గారే ఆ బండిని ప్రారంభించారు. ఎద్దులు పల్లెకు పోగా లేనిది, నెలకొకసారి మిల్లు గేటుకు వ్యాను రాలేదా?

ఇక తెలుగు పుస్తకాల బీరువా. దానికి తాళం. మా కార్యవర్గ సభ్యులు తాళంచెవి అడిగితే అక్కడివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఉద్యోగుల మీద మాకు కోపం లేదు, వాళ్ళూ జీతగాళ్ళే. నోటీసు రాసిన పెద్దలను అడుగుతున్నాం: సగం కార్యక్రమాలు సాయంత్రం 6 తర్వాత, సెలవు రోజున పెట్టండి. బీరువా తెరవండి.

వినతిపత్రం యూనియన్ ఆఫీసులో ఉంది. షిఫ్టు దిగి ఇంటికి పోయేటప్పుడు సంతకం పెట్టి వెళ్ళండి. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయండి.