ఓటమికి జవాబు అడుగుదాం

క్రికెట్ అభిమానులారా!

2025 నవంబర్ 26న గువాహటిలో దక్షిణాఫ్రికా చేతిలో మన జట్టు 408 పరుగుల తేడాతో ఓడిపోయింది. పరుగుల లెక్కన టెస్టుల్లో మనకు ఇదే అతి పెద్ద ఓటమి. అంతకుముందు కోల్‌కతాలో 124 పరుగుల లక్ష్యాన్ని అందుకోలేక 93కే కుప్పకూలాం. 2024లో న్యూజిలాండ్ మన గడ్డ మీదే మూడు టెస్టులకు మూడూ గెలిచి వెళ్లింది. పన్నెండేళ్లు సొంతగడ్డపై ఒక్క టెస్టు సిరీస్ కూడా పోగొట్టుకోని జట్టు, పదమూడు నెలల్లో రెండుసార్లు వైట్‌వాష్ అయింది.

ఆటన్నాక ఓటమి ఉంటుంది. ఎదుటివాడు బాగా ఆడితే చప్పట్లు కొడదాం. కానీ జట్టును ఎందుకలా కూర్చారో చెప్పేదెవరు? కోల్‌కతాలో వాషింగ్టన్ సుందర్‌ను మూడో స్థానంలో దింపారు. మరుసటి టెస్టులోనే ఎనిమిదో స్థానానికి పంపారు. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని కోల్‌కతా టెస్టుకు ముందు జట్టు నుంచి విడుదల చేసి, గువాహటిలో తుది జట్టులోకి తీసుకున్నారు. జట్టును ఎంపిక చేసేది సెలక్టర్లు, అందులోంచి పదకొండు మందిని తేల్చేది కెప్టెన్, కోచ్. ఓడినప్పుడు బాధ్యత ఈ రెండు గదుల మధ్య ఎక్కడో జారిపోతోంది. దాన్ని జారిపోనివ్వకుండా పట్టుకోవడం మన పని.

ఎవరినో ఒకరిని పీకేస్తే సరిపోతుందనుకోవద్దు. 2022 టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇంగ్లండ్ చేతిలో పది వికెట్ల తేడాతో ఓడిన కొద్ది రోజులకే క్రికెట్ బోర్డు సెలక్షన్ కమిటీని మొత్తంగా ఇంటికి పంపింది. 2023 జనవరిలో కొత్త కమిటీ వచ్చింది. ఛైర్మన్ మాత్రం పాత చేతన్ శర్మే! ఏ లోపానికి తీశారు, ఏ సమర్థత చూసి మళ్లీ తెచ్చారు? శిక్ష కనబడింది, జవాబు వినబడలేదు.

సెలక్టర్ల చేతులు కట్టేసి వాళ్లనే నిందించడమూ న్యాయం కాదు. ఇంగ్లండ్‌లో 4-0, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో 4-0తో ఓడాక 2012లో కెప్టెన్‌ను మార్చాలని సెలక్టర్లు అనుకుంటే బోర్డు అధ్యక్షుడు ఒప్పుకోలేదని అప్పటి సెలక్టర్ మొహిందర్ అమర్‌నాథ్ తర్వాత బయటపెట్టారు. అధికారం లేనివాణ్ని బాధ్యత అడిగి ఏం లాభం? దానికి భిన్నంగా, 1971లో అప్పటి కెప్టెన్ పటౌడీని కాదని, సెలక్షన్ కమిటీ ఛైర్మన్‌గా తన నిర్ణాయక ఓటుతో వాడేకర్‌ను కెప్టెన్ చేశారు విజయ్ మర్చంట్. ఆ నిర్ణయం ఎవరిదో దేశమంతా ఎరుగును. ఆ ఏడే వెస్టిండీస్‌లోనూ, ఇంగ్లండ్‌లోనూ సిరీస్‌లు గెలిచాం. ఒకవేళ ఓడినా, ఎవరిని అడగాలో తెలిసేది.

అందుకే, మిత్రులారా, మన వంతు మొదలుపెడదాం. సిరీస్ ముగిసిన ప్రతిసారీ ఛైర్మన్ విలేకరుల ముందుకు వచ్చి, ఎవరిని ఎందుకు తీసుకున్నారో, ఎవరిని ఎందుకు పక్కన పెట్టారో చెప్పాలని గట్టిగా అడుగుదాం. రంజీలో రాణించినవాడికి చోటు దక్కకపోతే, ఇంకేం చేయాలో వాడికి ముఖాముఖి చెప్పాలని కోరదాం. మాజీ ఆటగాళ్లారా, మీ అనుభవాన్ని మొహమాటానికి తాకట్టు పెట్టకండి. క్రీడా విలేకరులారా, జట్టు జాబితాతో పాటు దాని వెనకున్న కారణాన్నీ రాబట్టండి. ఆంధ్ర, హైదరాబాద్ సంఘాల్లోని క్లబ్బు పెద్దలారా, బోర్డు సమావేశంలో మీ సంఘానికి ఓటుంది; ఆ ఓటుతో పాటు ఈ ప్రశ్ననూ పంపండి.

ఒక్క మాట మరువద్దు. ఓడి వచ్చిన కుర్రాణ్ని, వాడి ఇంటివాళ్లను సామాజిక మాధ్యమాల్లో తిట్టడం అభిమానం కాదు. తిట్టు ఆటగాడిని కుంగదీస్తుంది. ప్రశ్న వ్యవస్థను నిలబెడుతుంది. గెలిచిన రోజు జేజేలు కొట్టిన గొంతుతోనే, ఓడిన రోజు మర్యాదగా, పట్టు విడవకుండా, జవాబు వచ్చేదాకా అడుగుదాం. ఈ జట్టు మనది. అడిగే హక్కూ మనదే, అడగాల్సిన బాధ్యతా మనదే!