ఓపిక, నిఘా రెండూ కావాలి

ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉండే ఏడీహెచ్‌డీ సమస్యకు అటామాక్సెటిన్‌ను అమెరికా 2002లో ఆమోదించింది. మన దేశంలోనూ దొరికే ఈ మందు ఉత్తేజకం కాదు, వ్యసనంగా మారదు. అలాగని నిర్లక్ష్యం తగదు. గుణం పూర్తిగా కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. పది రోజులకే మానేయడం, సొంతంగా మోతాదు పెంచడం రెండూ తప్పే. క్యాప్సూల్‌ విప్పి పాలలో కలపకూడదు; ఆ పొడి పడితే కళ్లు మండుతాయి. నాడి, రక్తపోటు, బరువు క్రమం తప్పకుండా చూపించాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే డాక్టర్‌ను కలవాలి. ఆత్మహత్య ఆలోచనల ముప్పుపై 2005 నుంచి తీవ్ర హెచ్చరిక ఉంది. బిడ్డ దిగులుపడినా, చావు మాటలెత్తినా క్షణం ఆలస్యం చేయొద్దు. ఏడీహెచ్‌డీకే ఇచ్చే మరో మందు క్లోనిడిన్‌ వాడుతుంటే దాన్ని హఠాత్తుగా ఆపొద్దు, రక్తపోటు ఎగబాకుతుంది. తల్లిదండ్రులారా, మందు మొదలుపెట్టాలన్నా, మార్చాలన్నా, మానాలన్నా డాక్టర్‌ మాటే ప్రమాణం.