వ్యాను వెళ్ళిపోయాక?

2014 ఏప్రిల్‌లో లండన్ మారథాన్‌లో 42 కిలోమీటర్లు పూర్తి చేసిన వారిలో మార్గరెట్ కెన్యాటా ఒకరు. అప్పటి కెన్యా అధ్యక్షుని భార్య. పతకం కోసం కాదు. తల్లీబిడ్డల మరణాలు ఆపాలని ఆ జనవరిలో తాను ప్రారంభించిన 'బియాండ్ జీరో' ఉద్యమానికి విరాళాల కోసం. క్రమంగా ఆ దేశంలోని 47 కౌంటీలకూ (మన జిల్లాల వంటివి) సంచార వైద్యశాల వ్యాన్లు అందాయి.

ఆసుపత్రి దూరమైన గర్భిణికి వ్యానులోనే రక్తపోటు చూడవచ్చు, రక్తహీనత ఉంటే ఐరన్ మాత్రలివ్వవచ్చు. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో కొంచెం ఎక్కువ రక్తం పోయినా ప్రమాదమే. కాబట్టి ఇది చిన్న పనేమీ కాదు.

అయినా నాకొక సందేహం. కాన్పయ్యాక గర్భాశయ కండరాలు గట్టిగా బిగుసుకుని రక్తనాళాలను నొక్కుతాయి. అలా రక్తం ఆగుతుంది. బిగుసుకోకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. ఆ గండం వ్యాను వచ్చే రోజు చూసుకుని రాదు కదా! అప్పుడు ఆక్సిటోసిన్ ఇంజెక్షను కావాలి. ఆ మందును చల్లగా దాచాలి, అంటే ఫ్రిజ్జు, కరెంటు ఉండాలి. అర్ధరాత్రి లేపినా లేచే నర్సు ఉండాలి. ఆమె జీతం విరాళాల మీద ఎన్నాళ్ళు నడుస్తుంది? 2013లోనే కెన్యా ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పులను ఉచితం చేసింది. నర్సు లేని గదిలో ఉచితంగా దొరికేది మంచమొక్కటే.